108లో రోగి పక్కన కూర్చునే వారికి చదువు, గుర్తింపు ఇవ్వండి: వైద్య ఆరోగ్య శాఖ పెద్దలకు రాయలసీమ నుంచి ఒక బహిరంగ లేఖ

అత్యవసర వైద్య సేవల విధానాలను నిర్ణయించే ఉన్నతాధికారులకు, పారామెడికల్ విద్యను పర్యవేక్షించే పెద్దలకు, ఉమ్మడి కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల ప్రజాప్రతినిధులకు,

నమస్కారం.

నేను ఉమ్మడి కర్నూలు జిల్లాలో 108 అంబులెన్సులో ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్‌గా, అంటే ఈఎంటీగా పనిచేస్తున్నాను. ఈ లేఖలో రాస్తున్న విషయాలనే మా సహోద్యోగులం కొందరం కలిసి వినతిపత్రంగా రాసి ఇదివరకే పై అధికారులకు అందజేశాం. అందినట్టు ముద్ర వేసి ఒక ప్రతి మా చేతికిచ్చారు. ఆ తర్వాత మమ్మల్ని పిలిచి మాట్లాడినవారు గానీ, ఇది కుదురుతుంది, ఇది కుదరదు అని చెప్పినవారు గానీ లేరు. అందువల్ల ఆ మాటలనే ఇప్పుడు అందరికీ తెలిసేలా రాయవలసి వస్తోంది. 108 సిబ్బంది లేఖ అనగానే జీతాల గురించే అయి ఉంటుందని చాలామంది అనుకుంటారు. జీతాల ప్రస్తావన ఇందులోనూ ఉంది. కానీ నేను ముఖ్యంగా అడగదలచుకున్నది మా చదువు గురించి, మాకు అందని శిక్షణ గురించి, ఆ లోటు వల్ల ఈ మూడు జిల్లాల రోగులకు జరుగుతున్న నష్టం గురించి.

2005 ఆగస్టు 15న మొదలైన 108 సేవ ఈ రాష్ట్రంలో లక్షలాది మందిని ఆసుపత్రి గుమ్మం దాకా బతికించి తెచ్చింది. ఈ సేవను ఇన్నేళ్లుగా కొనసాగిస్తూ వచ్చిన ప్రభుత్వాలన్నింటికీ మా కృతజ్ఞతలు. కొత్త వాహనాలు వచ్చాయి, వాటిలో మానిటర్లు, వెంటిలేటర్లు వచ్చాయి. ఆ యంత్రాల పక్కన కూర్చునే మనిషి విషయంలో మాత్రం ఈ ఇరవై ఏళ్లలో జరగవలసినంత ఆలోచన జరగలేదన్నది మా ఆవేదన. వాస్తవాలను ముందు వరుసగా విన్నవిస్తాను, కోరికలను ఆ తర్వాత రాస్తాను.

1. మా ప్రాంతంలో దూరమే మొదటి సమస్య. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ, గాయపడిన తర్వాతి తొలి గంటను 'గోల్డెన్ అవర్' అని నిర్వచించింది. సకాలంలో చికిత్స అందితే ప్రాణం నిలిచే అవకాశం ఎక్కువగా ఉండేది ఆ గంటలోనేనని చట్టమే చెబుతోంది. ఆదోని నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి దాదాపు వంద కిలోమీటర్లు. కోసిగి, హొళగుంద వైపు పల్లెల నుంచి అయితే ఇంకా ఎక్కువ. మడకశిర నుంచి అనంతపురానికీ సుమారు అంతే దూరం. అనంతపురంలో కుదరదన్న కేసును కర్నూలుకు పంపితే మరో నూట యాభై కిలోమీటర్లు. నల్లమలలో ఆత్మకూరు నుంచి దోర్నాల వైపు వెళ్లే అడవి దారిలో చాలా మేర ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి, కాల్ సెంటర్‌లో ఉండే డాక్టరును సలహా అడిగే వీలు కూడా ఉండదు. నగరంలో అంబులెన్సు పని రోగిని ఎక్కించుకుని పదిహేను నిమిషాల్లో దించడం కావచ్చు. మా దగ్గర ఆ గోల్డెన్ అవర్ మొత్తం బండిలోనే గడిచిపోతుంది. ఆ గంటలో రోగికి దొరికే వైద్యమంతా ఈఎంటీ చేసే వైద్యమే. ఈ ఒక్క సంగతిని పాలకులు ఒప్పుకుంటే మిగతా లేఖను అర్థం చేసుకోవడం కష్టం కాదని నా నమ్మకం.

ప్రస్తుతం మా పనితీరును కొలిచేది ప్రధానంగా బండి ఎంతసేపట్లో చేరిందన్న లెక్కతోనే. పట్టణాల్లో 15 నిమిషాలు, గ్రామాల్లో 20 నిమిషాలు అన్న లక్ష్యాలు మంచివే, వాటిని మేము కాదనడం లేదు. అయితే బండి చేరాక రోగికి ఏం జరిగింది, ఊపిరి ఎలా ఉన్నవాడు ఎలాంటి స్థితిలో క్యాజువాలిటీకి చేరాడు, దారిలో ఏ మందు ఎప్పుడు పడింది అన్న విషయాలపై అదే పట్టుదలతో జరిగే సమీక్షను మేము చూడలేదు.

2. శిక్షణ కొరత రోగి ఒంటి మీద ఎలా పడుతుందో చెప్పడానికి కట్లపాము కాటు ఒక్కటి చాలు. వానాకాలంలో వేరుశనగ చేలల్లో కాపలాకు పడుకున్నవాళ్లనూ, ఇంట్లో నేలమీద నిద్రపోయేవాళ్లనూ కట్లపాము రాత్రిపూట కాటేస్తుంది. కాటు పడిన చోట పెద్దగా నొప్పి గానీ వాపు గానీ ఉండదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటారు, కళ్లు మూతలు పడుతున్నాయి అంటారు, మాట ముద్దగా వస్తుంది, ఉమ్ము మింగలేరు. మాకు కాల్ వచ్చేది చాలాసార్లు 'కడుపునొప్పి' అనే. వాలిపోతున్న కనురెప్పలను చూసి ఇది విషం పనేనని ఈఎంటీ అక్కడికక్కడే గుర్తుపట్టాలి. విరుగుడు మందు ఉన్న దగ్గరి ఆసుపత్రి ఏదో తేల్చుకోవాలి. బండి అక్కడికి చేరేలోపు రోగి ఊపిరి తీసే కండరాలు చచ్చుబడిపోవచ్చు. మనిషికి స్పృహ ఉంటుంది, గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, ఊపిరి మాత్రం ఆడదు. అలాంటి రోగికి ఆసుపత్రి చేరేదాకా ఎవరైనా ఊపిరి అందిస్తూ ఉంటే పూర్తిగా కోలుకుని ఇంటికి వెళతాడు. అందించేవారు లేకపోతే నిమిషాల్లో చనిపోతాడు.

ఊపిరి అందించడం అంటే అంబు బ్యాగ్ నొక్కడం, మాస్కుకు తగిలించిన గాలి సంచిని చేత్తో నొక్కి రోగి ఊపిరితిత్తుల్లోకి గాలి పంపడం. దవడను పైకెత్తి మాస్కును ముఖానికి గాలి పోకుండా అదిమి పట్టడానికి రెండు చేతులు కావాలి. బ్యాగ్ నొక్కడానికి ఇంకో చెయ్యి కావాలి. పెద్దవాళ్లకు ఆరు సెకన్లకొకసారి నొక్కాలి, అంతకంటే వేగంగా నొక్కితే గాలి పొట్టలోకి పోయి వాంతి అవుతుంది, ఆ వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బండి వెనుక ఉండేది ఒక్క ఈఎంటీ. పత్తికొండ వైపు నుంచి గతుకుల మీద ఊగుతున్న బండిలో, నేను రెండు చేతులతో మాస్కు పట్టుకుని, రోగి బావమరిది చేతికి బ్యాగ్ ఇచ్చి, 'నేను చెప్పినప్పుడే నొక్కన్నా, తొందరపడొద్దన్నా' అని లెక్కపెడుతూ ఆసుపత్రి దాకా తీసుకువెళ్లాను. ఆ మనిషి బతికాడు. ఇలా ఇద్దరితో చేసే పద్ధతి ఒకటి ఉందని నాకు ఒక సీనియర్ సహోద్యోగి చెప్పబట్టి తెలుసు. మనిషి ఆకారపు బొమ్మ మీద నేర్పించే శిక్షణ తరగతిలో ఇది నాకు దక్కలేదు. నాకు దక్కనిది ఇంకెందరికి దక్కలేదో ఎవరైనా లెక్క తీశారా అని నేను వినయంగా అడుగుతున్నాను.

ఆక్సిజన్ సంగతీ ఇలాంటిదే. బండ్లలో వాడే బీ టైప్ సిలిండర్ నిండుగా ఉంటే దానిలో దాదాపు 1,500 లీటర్లు ఉంటుంది. నిమిషానికి 10 లీటర్ల చొప్పున ఇస్తే రెండున్నర గంటలు వస్తుంది. సగం ఖాళీ అయిన సిలిండరైతే గంటా పావే. ఆదోని నుంచి కర్నూలుకు, దారిలో ఎమ్మిగనూరు, కోడుమూరు ట్రాఫిక్ కలుపుకుంటే, ఆ గంటా పావు సరిపోదు. బయలుదేరే ముందు మీటరు చూసి, రోగికి ఎన్ని లీటర్లు అవసరమో, దారి ఎంతసేపో లెక్కగట్టుకోవడం ఐదో తరగతి గుణకారమంత చిన్న పని. అయినా దాన్ని ఒక అలవాటుగా ప్రతి ఈఎంటీకి నేర్పించే వ్యవస్థ లేనప్పుడు అది మనిషిని బట్టి జరుగుతుంది, షిఫ్టును బట్టి జరుగుతుంది.

3. పురుగుమందు తాగిన కేసులు ఈ జిల్లాల్లో మాకు కొత్త కాదు. పంట పోయిన ఏడాదిలో అవి పెరుగుతాయని మా అందరి అనుభవం. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు ఒంట్లోకి పోయినవారికి నోటి నుంచి, ఊపిరితిత్తుల నుంచి నీరు ఊరుతూనే ఉంటుంది, తమ ఊటలో తామే మునిగిపోతారు. గొట్టంతో ఆ నీటిని లాగేస్తూ (సక్షన్), పక్కకు తిప్పి పడుకోబెట్టి, డాక్టరు సలహాతో విరుగుడుగా అట్రోపిన్ ఇస్తూ, ఆ విరుగుడు చాలిందో లేదో ఊపిరితిత్తుల చప్పుడు విని తేల్చుకోవలసిన పని అది. స్టెతస్కోపుతో తడి చప్పుడును, పొడి చప్పుడును వేరుచేయడం పుస్తకం చదివితే రాదు. వార్డులో డాక్టరు పక్కన నిలబడి పదిమంది రోగుల ఛాతీ విన్నప్పుడే వస్తుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆసుపత్రిలో గడిపిన కొద్ది రోజులతో ఆ చెవి తయారు కాదు.

కాన్పుల సంగతి విడిగా చెప్పాలి. బండిలోనే కాన్పు కావడం మా వృత్తిలో సాధారణమే. బిడ్డ పుట్టిన నిమిషంలోపు తల్లికి 10 యూనిట్ల ఆక్సిటోసిన్ ఇవ్వాలన్నది ప్రపంచమంతటా ఒప్పుకున్న పద్ధతి. అది అధిక రక్తస్రావాన్ని ఆపుతుంది. అదే నిమిషంలో బిడ్డ ఏడవకపోతే ఆ పసిదానికీ ఊపిరి అందించాలి. ఒక ఈఎంటీ, ఇద్దరు రోగులు, ఒకే నిమిషం. ఆశా కార్యకర్త వెంట ఉంటే ఆమెకు ఏ పని అప్పగించాలో ముందే అనుకుని ఉండాలి. ఇవన్నీ సాధన చేస్తేనే చేతికి వస్తాయి. మూడు నాలుగు నెలలు కాన్పు కేసు పడకపోతే నేర్చుకున్నది కూడా చేయి జారుతుంది.

4. జాతీయ రహదారులు ఈ జిల్లాలకు ఎంత మేలు చేశాయో అంత బాధ్యతనూ పెంచాయి. హైదరాబాదు, బెంగళూరు మధ్య తిరిగే వాహనాలన్నీ 44వ నంబరు రహదారి మీద కర్నూలు, డోన్, గుత్తి, అనంతపురం, పెనుకొండ మీదుగా పోతాయి. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ మీదుగా కడపకు 40వ నంబరు రహదారి ఉంది. 2021 ఫిబ్రవరి 14 తెల్లవారుజామున వెల్దుర్తి మండలం మాదార్‌పురం దగ్గర మదనపల్లె నుంచి అజ్మీరుకు వెళుతున్న మినీ బస్సు లారీని ఢీకొని 14 మంది చనిపోయారు. 2025 అక్టోబరు 24న కర్నూలు శివార్లలో చిన్నటేకూరు దగ్గర ప్రైవేటు బస్సు మంటల్లో కాలిపోయిన ఘటన ఎవరూ మరిచిపోలేదు. ఇక సుగ్గికి, అంటే కోతల కాలపు కూలిపనికి వలసపోయే కూలీలను కిక్కిరిసి ఎక్కించుకున్న బొలేరోలు, ఆటోలు బోల్తాపడటం పత్రికల్లో లోపలి పేజీలో నాలుగు వాక్యాలకే పరిమితమవుతోంది.

అలాంటి చోటికి మొదట చేరిన ఈఎంటీ చేయవలసిన తొలి పని ఎవరికీ చికిత్స చేయకపోవడం. చుట్టూ తిరిగి చూసి, ఎవరిని ముందు తరలించాలి, ఎవరు ఆగగలరు, ఎవరికి చేయగలిగింది ఏమీ లేదు అన్నది నిమిషాల్లో తేల్చి, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నలుపు గుర్తులు పెట్టి, ఇంకెన్ని బండ్లు కావాలో కాల్ సెంటర్‌కు చెప్పాలి. గట్టిగా అరుస్తున్నవాడి కంటే మాట్లాడకుండా పడి ఉన్నవాడికి ముందు సాయం కావచ్చు. చుట్టూ మూగిన జనానికి ఇది అర్థం కాదు, 'ఇతన్ని వదిలేసి అటు పోతావేంది' అని మీదికి వస్తారు. ఆ ఒత్తిడిలో నిలబడి నిర్ణయం తీసుకోవడం పోలీసు, అగ్నిమాపక సిబ్బందితో, హైవే పెట్రోలింగ్ వారితో కలిసి ముందే కసరత్తు చేసినవారికే సాధ్యం. కాలిన గాయాల్లో అయితే మంట తగ్గించడానికి నీళ్లు ఎంతసేపు పోయాలి, ఆ తర్వాత తడి బట్టతోనే వంద కిలోమీటర్లు తీసుకుపోతే ఒళ్లు చల్లబడి ఏం ప్రమాదం వస్తుంది, గొంతు బొంగురుపోవడం, ముక్కు వెంట్రుకలు కమిలి ఉండటం దేనికి సూచన అన్నవి ప్రతి ఈఎంటీకి కంఠతా ఉండాలి. మా మూడు జిల్లాల ఈఎంటీలు అందరూ పాల్గొనే ఉమ్మడి కసరత్తును ఏటా తప్పనిసరిగా జరిపే ఏర్పాటు మాకు కనబడటం లేదు.

5. ఇక రెఫరల్. చిన్న ఆసుపత్రి నుంచి పెద్దాసుపత్రికి పంపే కేసుల్లో రోగి ప్రాణం అన్నింటికంటే ఎక్కువ ప్రమాదంలో ఉంటుందని నా అభిప్రాయం. తలకు దెబ్బ తగిలి స్పృహ తగ్గుతున్న రోగిని ఒక చీటీ రాసి బండిలో ఎక్కిస్తారు. ఆ చీటీలో ఇచ్చిన మందులు ఉంటే సమయం ఉండదు, సమయం ఉంటే బీపీ ఉండదు. పంపుతున్నామని అవతలి ఆసుపత్రికి ఫోను వెళ్లదు. వెంట నర్సు గానీ డాక్టరు గానీ రారు. అక్కడికి చేరాక వెంటిలేటర్ ఖాళీ లేదంటే మళ్లీ ఇంకో ఊరు. కర్నూలు సర్వజన ఆసుపత్రికి ఈ జిల్లాల నుంచే కాక గద్వాల, రాయచూరు వైపుల నుంచి కూడా రోగులు వస్తారు. అక్కడి డాక్టర్ల, నర్సుల భారం మాకు తెలుసు, వారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కానీ పంపేవారూ, తెచ్చేవారూ, దించుకునేవారూ ఒకే భాషలో, ఒకే పత్రం మీద మాట్లాడుకునే పద్ధతి లేకపోతే నష్టపోయేది స్ట్రెచర్ మీద ఉన్న మనిషి. క్యాజువాలిటీలో మేము నోటితో చెప్పిన వివరాలు వినేవారు దొరకక, బండిలో ఎప్పుడు ఫిట్స్ వచ్చింది, ఎంతసేపు ఊపిరి ఆగింది అన్న విలువైన సమాచారం మా దగ్గరే ఉండిపోయిన సందర్భాలు మా అందరికీ ఉన్నాయి.

6. గుర్తింపు. డాక్టర్లకు ఎమర్జెన్సీ మెడిసిన్ ప్రత్యేక పీజీ విభాగంగా 2009లో గుర్తింపు పొందింది. ఆసుపత్రి బయట అదే పని చేసే మాకు 2021 దాకా జాతీయ స్థాయిలో చట్టబద్ధమైన పేరు కూడా లేదు. ఆ ఏడాది పార్లమెంటు చేసిన అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం మొదటిసారి ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్టును, పారామెడిక్‌ను గుర్తింపు పొందిన వృత్తుల జాబితాలో చేర్చింది. అనుబంధ ఆరోగ్య వృత్తి నిపుణులకు కనీసం 2,000 గంటల చదువు ఉండాలని చెప్పింది. ప్రతి రాష్ట్రం ఒక మండలిని ఏర్పాటు చేసి, అర్హులైనవారి పేర్లతో రిజిస్టరు నిర్వహించాలని ఆదేశించింది. అమలులో జాప్యం జరుగుతోందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు కేంద్రానికి, రాష్ట్రాలకు రెండు నెలల గడువు కూడా పెట్టింది. చట్టం ఎంత గొప్పదైనా, ఇరవై ఏళ్లుగా రోడ్డు మీద ఈ పని చేస్తున్నవారికి అందులో దారి చూపించకపోతే రెండు రకాల నష్టం. సైన్సు డిగ్రీతోనో వేరే కోర్సుతోనో చేరి, పనిలోనే నేర్చుకుని, వేల కేసులు చూసినవారు రేపు అనర్హులవుతారు. కొత్తగా వచ్చేవారేమో కాలేజీలో చదివి, బండెక్కని సర్టిఫికెట్లతో వస్తారు. ఈ రెండింటినీ కలిపే వంతెన కోర్సు ఒకటి కావాలి. రిజిస్టరు లేకపోవడం వల్ల ప్రజలకు జరిగే నష్టం ఇంకొకటి ఉంది: ప్రైవేటు అంబులెన్సు వెనుక కూర్చున్న మనిషికి ఏం తెలుసో, ఏం తెలియదో అడిగే హక్కు రోగి బంధువుకు ఇవాళ ఆచరణలో లేదు.

7. పని గంటలు, ఉద్యోగ భద్రత గురించి క్లుప్తంగా రాస్తాను. పన్నెండు గంటల డ్యూటీ చివరి గంటలో వచ్చిన కాల్‌కు వెళ్లి తిరిగి వచ్చేసరికి పద్నాలుగు, పదహారు గంటలు అవుతాయి. రాత్రంతా బండి నడిపిన పైలట్, అంటే అంబులెన్సు డ్రైవరు, తెల్లవారుజామున ఘాట్ రోడ్డు మీద రోగిని తీసుకురావలసి వస్తుంది. ఈ ఇరవై ఏళ్లలో నిర్వహణ సంస్థలు పలుమార్లు మారాయి. మారిన ప్రతిసారీ మా అనుభవానికి, సీనియారిటీకి విలువ ఉంటుందో ఉండదో తెలియని స్థితి. పదేళ్లు పనిచేసిన ఈఎంటీకీ నిన్న చేరినవారికీ హోదాలో తేడా లేదు, ఎదగడానికి మెట్టు లేదు. బాగా నేర్చుకున్నవారు విసిగి ప్రైవేటు ఆసుపత్రులకో, గల్ఫ్ దేశాలకో వెళ్లిపోతున్నారు. వారితోపాటు వారి చేతి నేర్పూ జిల్లా దాటిపోతోంది.

ఈ వాస్తవాల దృష్ట్యా మేము కోరుతున్నవి ఇవి.

ఒకటి. కర్నూలు, అనంతపురం, కడప ప్రభుత్వ వైద్య కళాశాలలకు అనుబంధంగా అత్యవసర వైద్య శిక్షణ కేంద్రాలు ఏర్పాటు చేయాలి. ఇందుకు కొత్త భవనాలు అక్కర్లేదు. కర్నూలు వైద్య కళాశాల 1956 నుంచి ఉంది, మిగతా రెండూ దశాబ్దాలుగా నడుస్తున్నాయి. క్యాజువాలిటీలు ఉన్నాయి, లేబర్ రూములు ఉన్నాయి, మత్తు డాక్టర్లు ఉన్నారు. కావలసింది ఒక గది, నాలుగు బొమ్మలు, బోధనకు సమయం కేటాయించే ఉత్తర్వు. ప్రతి ఈఎంటీకి ఆరు నెలలకొకసారి కనీసం వారం రోజుల పునశ్చరణ ఉండాలి. అందులో ఆపరేషన్ థియేటరులో మత్తు డాక్టరు పక్కన మాస్కు పట్టడం, లేబర్ రూములో కాన్పులు, క్యాజువాలిటీలో పాముకాటు, విషం కేసులు తప్పనిసరిగా ఉండాలి. ఆ వారం డ్యూటీగానే లెక్కించాలి, జీతం కోయకూడదు, బండి మీద వారి స్థానంలో మరో మనిషిని ఇవ్వాలి. డబ్బు లేదన్న జవాబు ఈ ఒక్క కోరిక విషయంలో మాకు సరైనదిగా తోచదు.

రెండు. ప్రస్తుతం పనిచేస్తున్న ఈఎంటీలందరికీ వారి అనుభవాన్ని గంటల్లో లెక్కగట్టి, మిగిలిన భాగాన్ని వంతెన కోర్సుగా పూర్తిచేసే అవకాశం ఇచ్చి, రాష్ట్ర మండలి రిజిస్టరులో నమోదు చేయాలి. అందుకు తేదీలతో సహా కార్యక్రమాన్ని ప్రకటించాలి. పాఠాలు, పరీక్ష తెలుగులో కూడా ఉండాలి. ప్రాణం కాపాడటం తెలిసి, ఇంగ్లీషు ప్రశ్న అర్థం కాక తప్పే పరిస్థితి ఎవరికీ రాకూడదు.

మూడు. 40 కిలోమీటర్లు దాటే రెఫరల్‌లో, ఊపిరికి యంత్రం లేదా బ్యాగ్ అవసరమైన రోగి ఉంటే, ఈఎంటీతోపాటు రెండో శిక్షితుడు బండి వెనుక ఉండాలి. పంపే ఆసుపత్రి డాక్టరు అవతలి ఆసుపత్రికి ఫోను చేసి పడక ఉందని నిర్ధారించుకున్నాకే బండి కదలాలి. రోగి స్థితి, మందులు, సమయాలు ఉండే ఒకే పేజీ పత్రం మూడు జిల్లాల్లో ఒకటే ఉండాలి. క్యాజువాలిటీలో దాన్ని అందుకుని సంతకం చేసే బాధ్యత ఫలానా వారిదని నిర్ణయించాలి.

నాలుగు. జాతీయ ఆరోగ్య మిషన్ ప్రమాణం ప్రకారం లక్ష జనాభాకు ఒక సాధారణ అంబులెన్సు, ఐదు లక్షలకు వెంటిలేటర్ లాంటి యంత్రాలున్న ఒక అడ్వాన్స్‌డ్ లైఫ్ సపోర్ట్ అంబులెన్సు ఉండాలి. 2011 లెక్కల్లోనే ఉమ్మడి కర్నూలు జనాభా 40 లక్షలు దాటింది, అనంతపురానిదీ అంతే, కడపది 28 లక్షల పైచిలుకు. అంటే మూడు జిల్లాలకూ కలిపి సుమారు 110 సాధారణ బండ్లు, 22 అడ్వాన్స్‌డ్ బండ్లు కనీసం. జనాభాతోపాటు దూరాన్ని కూడా లెక్కలోకి తీసుకుని, కర్నూలు పశ్చిమ మండలాలకు, మడకశిర ప్రాంతానికి, నల్లమల అంచు మండలాలకు ప్రమాణానికి మించి కేటాయించాలి. ఇవాళ రోడ్డు మీద నిజంగా తిరుగుతున్న బండ్లు ఎన్ని, మరమ్మతులో ఉన్నవి ఎన్ని అన్నది మండలాలవారీగా ప్రతి నెలా ప్రజలకు తెలియజేయాలి.

ఐదు. ఫోన్ అందని దారుల్లో ఈఎంటీ డాక్టరు మాట కోసం ఆగకుండా ఇవ్వగల మందులు, చేయగల పనులు ఏవో స్పష్టంగా రాసి, సంతకంతో ఇవ్వాలి. ఆ మేరకు చేసిన పనికి చట్టపరమైన రక్షణ ఉండాలి. తోడు వచ్చిన బంధువులు కోపంతో చేయి చేసుకున్నప్పుడు కేసు పెట్టే భారం ఈఎంటీ ఒక్కరి మీద వదిలేయకూడదు.

ఆరు. డ్యూటీ ఎనిమిది గంటలకు తగ్గించాలి. నిర్వహణ సంస్థ మారినా సీనియారిటీ, పీఎఫ్, సెలవులు కొనసాగేలా టెండరు నిబంధనల్లోనే రాయాలి. ఈఎంటీ, సీనియర్ ఈఎంటీ, శిక్షకుడు అన్న మెట్లు పెట్టి, జీతాలు ప్రతి నెలా నిర్ణీత తేదీకి ఇవ్వాలి.

ఏడు. ఊళ్లలో మాకంటే ముందు రోగి దగ్గర ఉండేది పక్కింటివారు, బస్సు కండక్టరు, బంకులో పనిచేసే కుర్రాడు. గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కడం మొదలుకాకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది. మేము 20 నిమిషాల్లో చేరినా అప్పటికి చేయడానికి ఏమీ మిగలదు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఐదు సెంటీమీటర్ల లోతుకు నొక్కడాన్ని ఇంటర్ విద్యార్థులకు, ఆర్టీసీ సిబ్బందికి, రహదారి వెంట దాబాల వారికి నేర్పించడానికి మా సెలవు రోజుల్లో కూడా మేము సిద్ధంగా ఉన్నాం. బొమ్మలు, అనుమతి మీరు ఇవ్వండి. సాయం చేసినవారిని కేసుల్లో ఇరికించరాదని మోటారు వాహనాల చట్టంలోని 134ఏ సెక్షన్ చెబుతోందన్న సంగతిని కూడా అక్కడే ప్రజలకు చెబుతాం.

ఈ ఏడింటిలో మొదటి మూడింటికి పెద్దగా ఖర్చు లేదు, ఉత్తర్వులు చాలు. కాబట్టి వాటిపై నెల రోజుల్లోగా లిఖితపూర్వకమైన సమాధానం ఇవ్వవలసిందిగా కోరుతున్నాం. మిగతా నాలుగింటిపై మా ప్రతినిధులతో, మూడు వైద్య కళాశాలల క్యాజువాలిటీ డాక్టర్లతో, నర్సుల ప్రతినిధులతో కలిపి ఒక సమావేశం కర్నూలులో గానీ, అనంతపురంలో గానీ, కడపలో గానీ ఏర్పాటు చేయండి. మా డ్యూటీలు సర్దుకుని వస్తాం. ఆ సమావేశం జరిగే రోజున కూడా ఏ బండీ ఆగకుండా చూసుకునే బాధ్యత మాది.

ఇట్లు,
108 అత్యవసర వైద్య సేవల్లో పనిచేస్తున్న ఒక ఈఎంటీ,
సహోద్యోగుల తరఫున,
కర్నూలు